తారు రోడ్డు అంచు దిగుడుకి పరిష్కారం ఏంటి?

నేను రోజూ వెళ్లే సింగిల్ రోడ్డుకి తారు మీద తారు వేస్తూ పోయారు. పక్కన మట్టిని మాత్రం ఎవరూ ఎత్తు చేయలేదు. ఇప్పుడు అంచు దగ్గర అరజానెడు దిగుడు, గోడలా నిట్టనిలువుగా ఉంది.

మొన్న ఎదురుగా వచ్చిన లారీకి దారి ఇవ్వబోయి ఒక పక్క చక్రాలు కిందికి దించాను. మళ్ళీ పైకి ఎక్కిద్దామంటే టైరు అంచుకి బరబరా రాసుకుంటోంది తప్ప ఎక్కదు. స్టీరింగ్ ఇంకాస్త తిప్పాను. ఒక్కసారిగా ఎక్కి కారు అవతలి వైపుకి దూసుకుపోయింది. లారీ అప్పటికే దాటిపోయింది కాబట్టి బతికిపోయాను. అలాంటప్పుడు స్టీరింగ్ కదపకుండా, వేగం బాగా తగ్గాకే మెల్లగా ఎక్కించాలని తర్వాత తెలిసింది.

మన జాగ్రత్త సరే, రోడ్డు సంగతేంటి? తారు వేసేటప్పుడే పేవర్‌కి (తారు పరిచే యంత్రానికి) ఒక పరికరం తగిలించి అంచుని 30 డిగ్రీల వాలుగా నొక్కేస్తే, దిగిన చక్రం సులువుగా ఎక్కుతుందని చదివాను. పాత రోడ్డుకి ఇది కుదురుతుందా, మళ్ళీ తారు వేసేదాకా ఆగాల్సిందేనా? గ్రావెల్ పోస్తే ఒక్క వానాకాలానికే కొట్టుకుపోతోంది, మలుపుల్లో అయితే మరీనూ. అది నిలవాలంటే ఏం చేయాలి? అర్జీలో ఏం రాస్తే ఇంజనీర్లు పట్టించుకుంటారు? ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.