పాత ఇంగ్లీష్ వెండి ఇంక్‌స్టాండ్, చింతపండుతో తోమొచ్చా?

ప్రశ్న (కోవెంట్రీ నుంచి):
అందరికీ నమస్కారం. మా పక్కింటి పెద్దావిడ ఇల్లు ఖాళీ చేసి కేర్ హోమ్‌కి వెళ్తూ, వాళ్ళ తాతగారి టేబుల్ మీద ఉండేదట, ఒక వెండి ఇంక్‌స్టాండ్ తెచ్చి నా చేతిలో పెట్టింది, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొడుగాటి ట్రే, నాలుగు కాళ్ళు, రెండు గాజు సీసాలు, మధ్యలో బుల్లి కొవ్వొత్తి స్టాండు. ఒక సీసా మూతకి చిల్లులున్నాయి, మావారు ఉప్పు డబ్బీ అంటున్నారు, రాసుకునే టేబుల్ మీద ఉప్పెందుకు అని నా డౌటు. అంతా నల్లగా అయిపోయింది, అమ్మేమో ఫోన్లో చింతపండూ ఉప్పూ వేసి తోమేయమంటోంది. అడుగున సింహం, లంగరు, ఒక అక్షరం, ఒక మగాయన తల, పక్కన ఇంకో రెండక్షరాలు ఉన్నాయి. అసలు వెండేనా, పూతా? లంగరు ఉందంటే ఓడలో సామానా?

జవాబు (బర్మింగ్‌హామ్):
అక్కా, ముందు ఆ చింతపండు పక్కన పెట్టేయండి, ఉప్పు అసలొద్దు, వెండిని తినేస్తుంది. ఓడా కాదు, పూతా కాదు. నడిచే సింహం ఉంటే స్టెర్లింగ్, వెయ్యికి 925 పాళ్ళు వెండి, ఆ గుర్తు 1544 నుంచీ ఉంది. లంగరు మా ఊరి గుర్తు. 1773 దాకా ఇక్కడ అస్సే ఆఫీసు (వెండి స్వచ్ఛత పరీక్షించి గుర్తు కొట్టే ఆఫీసు) లేదు, ఇక్కడివాళ్ళు చేసిన సామాను పరీక్షకి చెస్టర్ దాకా పంపాల్సొచ్చేది, దారిలో దెబ్బతినేవి కూడా, అందుకే ఇక్కడి ఫ్యాక్టరీ యజమాని మాథ్యూ బౌల్టన్ పార్లమెంటు దాకా పోరాడి బర్మింగ్‌హామ్‌కీ షెఫీల్డ్‌కీ ఆఫీసులు తెప్పించాడు. షెఫీల్డ్ వాళ్ళకి అప్పట్లో కిరీటం, మాకు లంగరు. లండన్‌లో క్రౌన్ అండ్ యాంకర్ అనే సత్రంలో కలిసి మాట్లాడుకున్నారు కాబట్టే ఆ గుర్తులు అంటారు.

ఆ తల రాజుగారిది, పన్ను కట్టారని గుర్తు, 1784 నుంచి 1890 దాకా వేశారు. మగ తల అంటే దాదాపు విక్టోరియా రాకముందుది, 1837కి ముందు. రెండక్షరాలు చేసినాయన పేరువి. విడిగా ఉన్న అక్షరం సంవత్సరానిది, కానీ అక్షరం ఒక్కటే చూస్తే తప్పిపోతారు, అదే అక్షరం మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది, దాని ఆకారం, చుట్టూ ఉన్న డాలు ఆకారం రెండూ బర్మింగ్‌హామ్ పట్టికతోనే సరిచూడాలి. పదిరెట్లు చూపించే భూతద్దం తీసుకోండి. పూత సామాను మీదయితే ఇ పి ఎన్ ఎస్ (నికెల్ మిశ్రమం మీద కరెంటుతో వేసిన వెండి పూత అని) ఒక్కో అక్షరం ఒక్కో చిన్న డాలులో కొడతారు, చాలామంది దాన్నే హాల్‌మార్క్, అంటే అస్సే ఆఫీసు కొట్టే గుర్తు, అనుకుంటారు.

చిల్లుల మూతది పొడి సీసా. కాగితం మీద సిరా పాకకుండా ముందు మెత్తటి పొడి రుద్దేవాళ్ళు, రాశాక తడి పీల్చడానికీ చల్లేవాళ్ళు, బ్లాటింగ్ పేపర్ వచ్చాక ఆ పని పోయింది. బుల్లి కొవ్వొత్తి వెలుగు కోసం కాదు, ఉత్తరం మీద లక్కముద్ర వేయడానికి లక్క కరిగించేది.

జవాబు (నరసాపురం):
అమ్మా, మా నాన్నగారు వెండి పని చేసేవారు, నేనూ చేతిపని నేర్చుకున్నా. ట్రే తిరగేసి చూడండి. ముందున్న పువ్వు వెనక గుంటగా కనిపిస్తే సుత్తితో కొట్టి లేపిన నగిషీ, వెనక నున్నగా ఉంటే ఉలితో వెండి తీసేసి చెక్కింది. ఇంగ్లీషువాళ్ళయినా మనవాళ్ళయినా ఒకటే, కొట్టేకొద్దీ వెండి బిరుసెక్కుతుంది, కాల్చి మెత్తబరిచి మళ్ళీ కొడతారు, పలక ఒక గిన్నెగా లేవాలంటే ఎన్నిసార్లు పొయ్యి దగ్గరికి వెళ్ళాలో చేసినవాడికే తెలుసు. ఆ చెక్కడం అంచులు పదునుగా మెరుస్తుంటాయి, విభూతితోనో పళ్ళపొడితోనో రోజూ రుద్దితే నాలుగేళ్ళకి మొద్దుబారతాయి, గుర్తులూ అరిగిపోతాయి. అవి పోతే ఇక దాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ, మావారికి చదివి వినిపించా. మరి ఎలా శుభ్రం చేయను? అల్యూమినియం రేకు, సోడా, వేడి నీళ్ళు అని వీడియోలు చూశా. ఇంకోటి, కొవ్వొత్తి స్టాండు సైజుకి మించి బరువుగా ఉంది.

జవాబు (బర్మింగ్‌హామ్):
ఆ బరువు వెండిది కాదక్కా, పల్చటి రేకుని అచ్చులో ఒత్తి లోపల గుగ్గిలం లాంటి జిగురు పోసి అడుగు మూస్తారు. వేడినీళ్ళు తగిలితే అది కరిగి వెండి సొట్టపోతుంది, నీళ్ళు లోపలికి దిగినా ప్రమాదమే, కాబట్టి ఆ స్టాండుని ఎప్పుడూ నీళ్ళలో ముంచకండి, తడిగుడ్డతో తుడవండి చాలు. రేకు, సోడా పద్ధతి నగిషీ లోతుల్లో ఉన్న నలుపు కూడా లాగేస్తుంది, ఆ నలుపే కదా పనితనాన్ని చూపించేది. సీసాలు బయటికి తీసి విడిగా గోరువెచ్చటి నీళ్ళతో కడగండి, ఎండిన పాత సిరా గోళ్ళతో గీకొద్దు, రాత్రంతా నానబెట్టండి. ట్రేని గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి మెత్తటి నూలుగుడ్డతో కడిగి వెంటనే తుడిచి ఆరబెట్టాలి, తర్వాత సిల్వర్ క్లాత్‌తో (వెండి మెరుగుపెట్టే గుడ్డ) మెల్లగా, గుర్తులున్నచోట వదిలేసి. రబ్బరుబ్యాండు, ఉన్ని గుడ్డ తగలనివ్వకండి, వాటిల్లో గంధకం ఉంటుంది, నల్లబడేది దానివల్లే.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే భూతద్దంతో చూశా. కొవ్వొత్తి స్టాండు మీద సింహముంది, పొడి సీసా మూత మీదా ఉంది, ఇంకో మూత మీద మాత్రం ఏమీ లేదు.

జవాబు (బర్మింగ్‌హామ్):
విడిగా వచ్చే భాగాల మీద కూడా మామూలుగా గుర్తుండాలి, లేదంటే ఆ మూత పోయి తర్వాతెప్పుడో కొత్తది చేయించి ఉంటారు. అమ్మేటప్పుడు ధర కొంచెం తగ్గుతుంది, మీరు అమ్మట్లేదుగా. అంచు లోపలివైపు కూడా ఒకసారి చూడండి, చిన్న సామానుకి అక్కడే కొడతారు.