రైల్స్ మైగ్రేషన్‌లో ఏ కాలమ్‌కి ఏ టైప్? ఫోన్, ధర, స్టేటస్ దగ్గర ఆగిపోయాను

రైల్స్‌కి_కొత్త:

రైల్స్ (రూబీలో వెబ్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) నేర్చుకుంటూ చిన్న ఆర్డర్ల యాప్ ఒకటి రాస్తున్నాను. కస్టమర్లు, వస్తువులు, ఆర్డర్లు, మూడే టేబుళ్లు. మోడల్ జనరేట్ చేసేటప్పుడు మైగ్రేషన్‌లో (టేబుళ్లను కట్టే ఫైల్) ప్రతి కాలమ్ పక్కనా టైప్ రాయాలి కదా, అక్కడే చెయ్యి ఆగిపోతోంది. ఇప్పటిదాకా పెట్టినవి ఇవి: పేరు స్ట్రింగ్ (అక్షరాలు), ఫోన్ ఇంటిజర్ (పూర్ణసంఖ్య), ధర ఫ్లోట్ (చుక్క ఉన్న సంఖ్య), చిరునామా స్ట్రింగ్, కస్టమర్ రాసే నోట్ కూడా స్ట్రింగే, పుట్టినరోజు డేట్‌టైమ్, డబ్బు కట్టారా లేదా అన్నది బూలియన్ (ట్రూ లేదా ఫాల్స్), ఆర్డర్ స్టేటస్ ఇంటిజర్.

లాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మీద అంతా సాఫీగా నడిచింది. నిన్న పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కి మార్చి, 9తో మొదలయ్యే పదంకెల నంబర్‌తో ఒక టెస్ట్ కస్టమర్‌ని సేవ్ చేయబోతే అవుట్ ఆఫ్ రేంజ్ అని ఎర్రర్ కొట్టింది. బిగ్‌ఇంట్ (ఇంకా పెద్ద ఇంటిజర్) చేస్తే పోతుందని ఎక్కడో చదివాను, చేసెయ్యనా? మిగతావాటిలో కూడా ఇలాంటి బాంబులు ఉంటే ఇప్పుడే చెప్పండి, డేటా ఎక్కాక మార్చాలంటే టెన్షన్.

డీబీ_మామ:

బిగ్‌ఇంట్ చేస్తే ఎర్రర్ పోతుంది, జబ్బు ఉండిపోతుంది. మామూలు ఇంటిజర్‌కి 4 బైట్లు, అందులో పట్టే పెద్ద సంఖ్య 2,147,483,647. మీ నంబర్ దాన్ని దాటేసింది. ఎస్‌క్యూలైట్ అయితే రైల్స్ 8 బైట్ల దాకా ఊరుకుంటుంది కాబట్టి అక్కడ బయటపడలేదు (అందుకే ప్రొడక్షన్‌లో, అంటే అసలు యూజర్లు వాడే చోట, ఏ డేటాబేస్ వాడతారో లాప్‌టాప్‌లోనూ అదే పెట్టుకోండి, ఈ మాట ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు). సరే, రెండు ఫోన్ నంబర్లు తీసుకుని కూడిక వేస్తామా? సగటు తీస్తామా? చూడ్డానికి అంకెల్లా ఉందే తప్ప అది సంఖ్య కాదు. ముందు సున్నా ఉంటే ఇంటిజర్ దాన్ని మింగేస్తుంది, దేశం కోడ్ ముందు ప్లస్ గుర్తుకి చోటే ఉండదు. స్ట్రింగ్ పెట్టండి. ఖాతా నంబర్లూ అవీ అన్నీ ఇదే బాపతు.

అసలు బాంబు ధర దగ్గరుంది. కన్సోల్ తెరిచి 0.1 + 0.2 కొట్టి చూడండి, 0.30000000000000004 వస్తుంది. ఫ్లోట్ సంఖ్యల్ని బైనరీలో దాస్తుంది, 0.1 అందులో కచ్చితంగా ఇమడదు, మనం 1ని 3తో భాగిస్తే చుక్క తర్వాత 3లు ఆగనట్టే. ఒక్క ఆర్డర్‌లో ఇది కంటికి కనపడదు, వేల ఆర్డర్ల మొత్తం తీసి ఇంకోచోట లెక్కతో సరిచూసినప్పుడు తల పట్టుకుంటారు. డెసిమల్ (పదుల లెక్కలోనే కచ్చితంగా దాచే టైప్) పెట్టి ప్రెసిషన్ 10, స్కేల్ 2 ఇవ్వండి. చాలామంది దీన్ని చుక్కకి ముందు 10, తర్వాత 2 అనుకుంటారు, కాదు. మొత్తం అంకెలు 10, అందులో 2 చుక్క తర్వాత, అంటే 99,999,999.99 దాకా. ఎప్పుడైనా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి వెళ్తే ఈ రెండూ రాయడం అస్సలు మర్చిపోవద్దు. ఉత్త డెసిమల్ అని వదిలేస్తే స్కేల్ 0 అనుకుంటుంది, చుక్క తర్వాతవి గల్లంతు.

రాత్రి_డిప్లాయ్:

స్టేటస్ సంగతి నేను చెప్తా, దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి. ఇంటిజర్ పెట్టి రైల్స్ ఈనమ్ (ముందే రాసిన కొన్ని విలువల్లో ఒకటే ఉండనిచ్చే పద్ధతి) వాడటం తప్పేం కాదు. నేను ఈనమ్‌ని అర్రేగా, అంటే వట్టి వరస జాబితాగా రాశాను: కొత్తది, పంపాం, అందింది, రద్దు. డేటాబేస్‌లో పడేవి ఈ మాటలు కాదు, వరస నంబర్లు, 0, 1, 2, 3. కొన్నాళ్లకి ప్యాకింగ్ అయింది అనే దశ కూడా కావాలన్నారు. వరసలో చక్కగా ఉంటుంది కదా అని కొత్తది పక్కనే ఇరికించి, డిప్లాయ్ చేసి పడుకున్నా. పొద్దున చూస్తే అందిన ఆర్డర్లన్నీ పంపాం అంటున్నాయి, రద్దయినవన్నీ అందింది అంటున్నాయి. టేబుల్‌లో ఒక్క రో కూడా మారలేదు, 3 అన్న అంకెకి అర్థం మారిపోయింది, అంతే. టెస్టులన్నీ పాస్, ఎందుకంటే టెస్ట్ డేటా ప్రతిసారీ కొత్తగా పుడుతుంది, పాత అంకెలు అందులో ఉండవు.

హ్యాష్‌గా (పేరు, నంబరు జతలుగా) రాసి దేనికి ఏ నంబరో మీరే ఇవ్వండి, కొత్త దశ వస్తే దానికి 4. లేదంటే స్ట్రింగ్ కాలమ్ పెట్టండి, టేబుల్ నేరుగా తెరిచి చూసేవాళ్లకి అదే హాయి, నేనిప్పుడు అలాగే చేస్తున్నా.

బూలియన్‌కి డిఫాల్ట్ ఫాల్స్ ఇచ్చి, నల్ (విలువే లేకపోవడం) కుదరదని కూడా రాయండి. లేకపోతే ట్రూ, ఫాల్స్, నల్ అని మూడు రకాలవుతాయి, కట్టనివాళ్ల కోసం ఫాల్స్ అని వెతికితే నల్ ఉన్నవాళ్లు లిస్టులోకే రారు. నేనైతే బూలియన్ బదులు ఎప్పుడు కట్టారో డేట్‌టైమ్ పెడతా, ఖాళీగా ఉంటే కట్టనట్టు.

255_దాటితే:

చిరునామా, నోట్ ఎవరూ ముట్టుకోలేదు. పోస్ట్‌గ్రెస్‌లో స్ట్రింగ్‌కీ టెక్స్ట్‌కీ వేగంలో తేడా లేదు, రైల్స్ 4.2 నుంచి అక్కడ స్ట్రింగ్‌కి 255 హద్దు కూడా పెట్టడం లేదు. కాబట్టి ఏది రాసినా నడుస్తుంది, నోట్‌కి మాత్రం టెక్స్ట్ రాయండి, స్కీమా (టేబుళ్ల వివరాల ఫైల్) చదివేవాళ్లకి అది పొడుగు అని అర్థమవుతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో కథ వేరే. స్ట్రింగ్ అంటే 255 దగ్గర గేటు పడుతుంది, టెక్స్ట్ అంటే 65,535 బైట్లు. తెలుగు రాసేవాళ్లు ఇక్కడ మోసపోతారు. క్షీ అని రాస్తే మన కంటికి ఒక్క అక్షరం, డేటాబేస్‌కి అది క, పొల్లు, ష, గుడిదీర్ఘం, మొత్తం నాలుగు, యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, అంటే 12. మన లెక్కలో 255 అక్షరాలు రాకముందే గేటు పడిపోతుంది. ఫారంలో ఇన్ని అక్షరాలే రాయాలి అని పెట్టేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి.

డీబీ_మామ:

పుట్టినరోజు మర్చిపోయా. డేట్ పెట్టండి, డేట్‌టైమ్ వద్దు. రైల్స్ డేట్‌టైమ్‌ని యూటీసీలోకి (ప్రపంచ ప్రామాణిక సమయం) మార్చి దాస్తుంది. యాప్ టైమ్ జోన్ యూటీసీ కన్నా ముందుందనుకోండి, 15వ తేదీ అర్ధరాత్రి 12 అని ఇస్తే టేబుల్‌లో 14 అని పడుతుంది. యాప్‌లో చూస్తే మళ్లీ 15 అనే కనిపిస్తుంది, ఎవరైనా నేరుగా క్వెరీ రాసి రిపోర్ట్ తీస్తే మాత్రం అందరూ ఒకరోజు ముందే పుట్టేస్తారు. రైల్స్ తనే పెట్టే ఐడీల జోలికి పోకండి, రైల్స్ 5.1 నుంచి అవి బిగ్‌ఇంటే.

రైల్స్‌కి_కొత్త:

థాంక్స్ అన్నా, అందరికీ. మైగ్రేషన్ ఇంకా పుష్ చేయలేదు, పాత ఫైలే మార్చనా, కొత్తది రాయనా?

డీబీ_మామ:

మీ మెషీన్ దాటలేదు కాబట్టి రోల్‌బ్యాక్ చేసి (డేటాబేస్‌లో మార్పు వెనక్కి తీసి) అదే ఫైల్ దిద్దండి. ఇంకొకరి దగ్గర రన్ అయ్యుంటే మాత్రం కొత్తదే. ఇంకోటి, పోస్ట్‌గ్రెస్‌లో ఇంటిజర్‌ని స్ట్రింగ్ చేయమంటే మారు మాట్లాడకుండా చేస్తుంది, స్ట్రింగ్‌ని ఇంటిజర్ చేయమంటే ఎలా మార్చాలో యూజింగ్ అని రాసి చెప్పేదాకా ఒప్పుకోదు.

రైల్స్‌కి_కొత్త:

అయిపోయింది. ఫోన్ స్ట్రింగ్, ధర డెసిమల్, నోట్ టెక్స్ట్, స్టేటస్ స్ట్రింగ్ ఈనమ్, బూలియన్ తీసేసి కట్టిన సమయం పెట్టా. పుట్టినరోజు డేట్‌గా మారుద్దామని కూర్చుంటే, ఆర్డర్ తీసుకోవడానికి కస్టమర్ పుట్టినరోజు ఎందుకో నాకే తెలీలేదు. ఆ కాలమే పీకేశా.