అప్‌డేట్: లోపలి సర్వర్లకు సర్టిఫికెట్ల గొడవ తీరింది

మా లోపలి నెట్‌వర్క్‌లో ఉన్న ఆరు సర్వర్లు తెరిచినప్పుడల్లా బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపిస్తోందని, వాటిని ఇంటర్నెట్‌కి తెరవకుండా సర్టిఫికెట్ (సర్వర్ అసలైనదేనని బ్రౌజర్‌కి రుజువు చేసే డిజిటల్ పత్రం) ఎలా తెచ్చుకోవాలని అడిగాను కదా. పనైంది.

ముందు సొంత సీఏ (సర్టిఫికెట్లు జారీ చేసే వ్యవస్థ) పెట్టాను. లాప్‌టాప్‌ల వరకు బాగానే ఉంది, ఫోన్లలో ఆ సీఏని నమ్మమని చెప్పే రూట్ సర్టిఫికెట్ ఎక్కించేసరికి ఓపిక అయిపోయింది. చివరికి మీలో ఒకరు చెప్పిన డీఎన్ఎస్ (పేర్లను ఐపీ అడ్రసులకు కలిపే వ్యవస్థ) పద్ధతికే వచ్చాను. సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే పబ్లిక్ సీఏ లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఈ పద్ధతిలో మన సర్వర్‌ను తాకనే తాకదు. డొమైన్ మనదేనని డీఎన్ఎస్‌లో పెట్టిన టీఎక్స్‌టీ రికార్డు (చిన్న టెక్స్ట్ ఎంట్రీ) చూసి నమ్ముతుంది, అంతే. పేర్లు మాత్రం మార్చక తప్పలేదు. లోపలి నెట్‌వర్క్‌లకే పరిమితమైన డాట్ లోకల్ పేర్లకు పబ్లిక్ సీఏలు సర్టిఫికెట్ ఇవ్వవు. అందుకే మా సొంత డొమైన్ కింద సబ్‌డొమైన్లు పెట్టి, వాటి లోపలి ఐపీలు లోపలి డీఎన్ఎస్‌లోనే ఉంచాను.

మొదటిసారి ఫెయిలైంది. కొత్త రికార్డు డీఎన్ఎస్ సర్వర్లన్నిటికీ వ్యాపించకముందే తనిఖీ జరిగిపోయింది. స్క్రిప్టులో 60 సెకన్లు ఆగమని రాస్తే సరిపోయింది.

ఇంకో మాట. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ పబ్లిక్ లాగ్‌లలోకి ఎక్కుతుంది. మా 'పేరోల్' సర్వర్ పేరు అక్కడ కనబడగానే గుండె గుభేల్‌మంది! వెంటనే వైల్డ్‌కార్డ్‌కి (సబ్‌డొమైన్లన్నిటికీ ఒకే సర్టిఫికెట్, విడి పేర్లు కనబడవు) మారాను. పాత పేరు ఆ లాగ్‌లోంచి ఎలాగూ పోదు, అందుకే సర్వర్ పేరే మార్చేశాను. డీఎన్ఎస్ రికార్డులను స్క్రిప్టు మార్చడానికి వాడే ఏపీఐ కీ కూడా ఒక్క మెషీన్‌లోనే ఉంచాను.

సర్టిఫికెట్ గడువు 90 రోజులు. నిన్న రెన్యువల్ దానంతటదే జరిగింది, కానీ కొత్త సర్టిఫికెట్ అందుకునేలా వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌జింక్స్‌ను రీలోడ్ చేయడం నేనే మర్చిపోయాను. అదీ ఇప్పుడు స్క్రిప్టులో పెట్టేశాను.