హాప్ ఎక్స్‌ట్రాక్ట్‌ను ‘కషాయం’ అనొచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఒక ఆరోగ్య పత్రిక కోసం హాప్ మొక్క మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. బీరుకు చేదు తెచ్చే తీగ ఇదే. మూలంలో పేరాకి రెండుసార్లు ‘ఎక్స్‌ట్రాక్ట్’ అని వస్తోంది. అంతటా ‘కషాయం’ అని రాసుకుంటూ పోయాను. మా ఎడిటర్ గారేమో ‘సారం’ అనమంటున్నారు. కషాయం ప్రతి ఇంట్లో తెలిసిన మాట కదా. ఏది సరైనదంటారు?

జవాబు: మీ ఎడిటర్ గారి మాటే సరైనదండీ. మా నాయనమ్మ ధనియాలు, మిరియాలు, శొంఠి కచ్చాపచ్చాగా దంచి, చెంబుడు నీళ్లు పోసి, అవి గ్లాసెడు అయ్యేదాకా పొయ్యి మీద ఉంచేది. అలా నీళ్లలో మరిగించి ఇగరబెడితేనే కషాయం. ఆయుర్వేదంలో పచ్చి ఆకు దంచి పిండితే స్వరసం, నూరి ముద్ద చేస్తే కల్కం, మరిగిస్తే క్వాథం, చన్నీళ్లలో రాత్రంతా నానబెడితే హిమం, వేణ్నీళ్లు పోసి వడగడితే ఫాంటం. తీసే పద్ధతిని బట్టి అందులోకి దిగేది మారుతుంది కాబట్టే అన్ని పేర్లు.

హాప్ దగ్గర ఈ తేడా మరీ ముఖ్యం. ఆడ మొక్కకు లేతాకుపచ్చ పూగుత్తులు వస్తాయి. ఎండిన గుత్తిని విప్పి చూస్తే రేకుల మొదట్లో పసుపుపచ్చని జిగురు పొడి కనిపిస్తుంది. దాని పేరు లుపులిన్. చేదు, వాసన, మందు గుణం చాలావరకు ఆ పొడిలోనివే. ల్యాబుల్లో వాపు తగ్గించే గుణం కోసం, యాంటీఆక్సిడెంట్ గుణం కోసం బాగా పరీక్షించిన గ్జాంథోహ్యూమాల్ అనే పదార్థం కూడా అక్కడే ఉంటుంది. అది నీళ్లలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో బాగా దిగుతుంది. మరిగిస్తే చాలామటుకు ఐసోగ్జాంథోహ్యూమాల్ అనే వేరే పదార్థంగా మారిపోతుంది. అధిక పీడనంలో కార్బన్ డయాక్సైడ్‌తో తీస్తే చేదు ఆమ్లాలు, నూనెలు వస్తాయి కానీ గ్జాంథోహ్యూమాల్ దాదాపుగా పిప్పిలోనే ఉండిపోతుంది.

ఇవన్నీ ఎక్స్‌ట్రాక్టులే. మీరు కషాయం అంటే చదివినావిడ హాప్ పూలు తెప్పించుకుని మరిగించి తాగుతుంది. ప్రయోగంలో వాడింది ఆల్కహాల్‌తో తీసినదైతే, ఆవిడ గ్లాసులో ఉన్నది వేరే సరుకు. అందుకని ‘ఆల్కహాల్‌తో తీసిన సారం’ అని పద్ధతితో సహా రాయండి. ఇంకో సంగతి, సంస్కృతంలో కషాయమంటే వగరు కూడా. షడ్రుచుల్లో చేదుకు తిక్తమని వేరే పేరుంది. హాప్‌లో ముందు నాలుకకు తగిలేది చేదే.

ప్రశ్న: చాలా థ్యాంక్సండీ. ‘బయోయాక్టివ్’ అన్నచోటల్లా ‘ఆరోగ్యానికి మేలు చేసే’ అని రాశాను. అదైనా ఉంచనా?

జవాబు: వద్దండీ, దయచేసి మార్చండి. ఒంట్లో ఏదో ఒక పని చేస్తుందని చెప్పే మాట అది. ఆ పని మేలో కీడో అందులో లేదు. హాప్‌లోనే 8-ప్రెనిల్‌నారింజెనిన్ ఉంది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌లా పనిచేసే మొక్కల పదార్థాల్లో బాగా బలమైన వాటిలో ఒకటి. మెనోపాజ్‌లో వచ్చే ఆవిర్లకు హాప్‌ను పరీక్షించింది ఆ గుణం చూసే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు డాక్టర్ని అడక్కుండా దాన్ని వాడకూడదనేదీ ఆ గుణం వల్లే. ‘మేలు చేసే’ అని అచ్చులో చూసి అలాంటివాళ్లు కొనుక్కుంటే ఎంత ప్రమాదం! ‘జీవక్రియాశీల’ అనే మాట పుస్తకాల్లో ఉంది గానీ, నేనైతే ‘ఒంటి మీద ప్రభావం చూపే’ అని రాస్తాను.

ప్రశ్న: కషాయాలన్నీ వెతికి మార్చేశాను. ఒక్కచోట మాత్రం, నిద్ర పట్టడానికి ఎండు హాప్ పూల మీద వేణ్నీళ్లు పోసి, మూతపెట్టి, కాసేపాగి వడగట్టి తాగుతారని ఉంది. అక్కడ కషాయం ఉండొచ్చు కదా?

జవాబు: మరిగించలేదుగా! శాస్త్రం ప్రకారం అది ఫాంటం. ఆ మాట పాఠకులకు తెలియదు. ‘హాప్ పూల టీ’ అనండి, అందరికీ అర్థమవుతుంది.