మొదటి పాప పుట్టగానే ఏడవలేదు, ఇప్పుడు రెండో కాన్పు. ఏం చూసుకోవాలి?

గోదావరి_పిల్ల:
నాకిప్పుడు ఎనిమిదో నెల. మొదటి పాప పుట్టగానే ఏడవలేదు, కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి చరిచారు, ఐదారు నిమిషాలకి ఏడ్చింది, మర్నాడు ఫిట్స్. మూడేళ్లొచ్చినా ఇంకా నిలబడలేదు. గ్రహణం రోజు నేను బయటికి రావడం వల్లేనని మా అత్తయ్యగారు ఇప్పటికీ అంటారు. అసలు ఎందుకిలా అవుతుంది?

నైట్_డ్యూటీ_సిస్టర్:
గ్రహణం మాట వదిలెయ్యమ్మా. పసిపిల్లల వార్డులో చాలా ఏళ్లుగా చేస్తున్నా. మీరు చెప్పింది చూస్తే మెదడుకి ఆక్సిజన్ అందనట్టుంది. మాయ ముందే విడిపోయినా, బొడ్డుతాడు నొక్కుకుపోయినా, బిడ్డ గుండె చప్పుడు చూడకుండా నొప్పులు రావడానికి ఇంజెక్షన్ ఎక్కించినా అలా జరగొచ్చు, మీ విషయంలో ఏదో కాగితాలు చూస్తేనే తెలుస్తుంది, ఆ పాత డిశ్చార్జి షీటు ఇప్పటి డాక్టరుకి తప్పక చూపించండి. తలకిందులు చేసి చరచడం ఎప్పుడో మానేయాల్సిన పని. ఒళ్లు తుడిచి, వెచ్చగా ఉంచి, వీపు రుద్దినా ఊపిరి తీసుకోకపోతే మొదటి నిమిషంలోనే బ్యాగు, మాస్కుతో గాలి కొట్టాలి. రాత్రి రెండింటికి నొప్పులొస్తే ఆ బ్యాగు పట్టేది ఎవరని ఇప్పుడే అడగండి. కడుపులో బిడ్డ కదలికలు తగ్గితే తెల్లారేదాకా ఆగొద్దు.

డల్లాస్_బావ:
ఇక్కడ మా అక్క కొడుక్కి ఇలాగే అయితే, మెదడు ఇంకా దెబ్బతినకుండా పుట్టిన ఆరు గంటల్లోపే మొదలుపెట్టి, 72 గంటలు ఒళ్లు 33.5 డిగ్రీల సెల్సియస్‌కి చల్లబరిచారు. బాగున్నాడు. అక్కడా దొరుకుతుందేమో కనుక్కోండి.

నైట్_డ్యూటీ_సిస్టర్:
కొన్నిచోట్ల ఉంది. కానీ మన దేశం, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో చేసిన హీలిక్స్ అనే అధ్యయనం 2021లో వచ్చింది, అందులో చల్లబరిచిన పిల్లలకి మేలు కనబడలేదు సరికదా మరణాలే ఎక్కువయ్యాయి. దాన్ని నమ్ముకుని కాన్పు దగ్గర ఏమరొద్దు.

చిన్నోడి_నాన్న:
మావాడు పుట్టగానే గట్టిగానే ఏడ్చాడు. వాళ్లమ్మ రక్తం గ్రూపు ఓ పాజిటివ్, వాడిది బి, ఆ తేడా వల్ల కామెర్లు తొందరగా రావొచ్చని మాకు తెలీదు. మర్నాటికే కళ్లు పచ్చబడితే, పొద్దుటెండలో పెట్టండి తగ్గిపోతుందన్నారు, పెట్టాం. నాలుగో రోజుకి అరికాళ్లు కూడా పసుపు, పాలు పట్టడం మానేసి విల్లులా వెనక్కి వంగిపోయాడు. కామెర్లు మెదడుకెక్కాయన్నారు. ఇప్పుడు చెవికి మిషన్. మొదటి 24 గంటల్లో పచ్చదనం కనిపిస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించండి, ఆసుపత్రిలో కామెర్లకి పెట్టే నీలం లైటు పని ఎండ చేయదు.

గోదావరి_పిల్ల:
అందరికీ థ్యాంక్స్. ఇప్పుడే హాస్పిటల్‌కి ఫోన్ చేశా. రాత్రిళ్లు పిల్లల డాక్టరు పిలిస్తే అరగంటలో వస్తారట, ఈలోగా ఎవరు చూస్తారంటే ఆయమ్మ ఉంటుందన్నారు. అత్తయ్యగారే వేరే చోటు చూద్దాం పద అన్నారు.