ముందు బ్రేకు లివర్ గ్రిప్ దాకా వచ్చేస్తోంది, ఏం మార్చాలి?

ప్రశ్న (ఆమదాలవలస):
అన్నలూ, నాది 150 సీసీ బండి, ముందు డిస్క్, వెనక డ్రమ్. రోజూ శ్రీకాకుళం వెళ్లొస్తాను. లారీ వెనక సడన్‌గా నొక్కితే లివర్ దాదాపు గ్రిప్‌కి తగిలేస్తోంది, బండి మాత్రం ఆగట్లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. ప్యాడ్లు కొత్తవే. బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం తీసేసి స్టీల్ అల్లికది (బ్రెయిడెడ్ హోస్) వేయించనా?

జవాబు (బొబ్బిలి):
హోస్ సంగతి తర్వాత తమ్ముడూ, ముందు బ్రేక్ ఆయిల్ చూడు. లివర్ అంత మెత్తగా ఉందంటే లైన్‌లో గాలి చేరుండాలి, లేదా ఎక్కడో లీకుండాలి. ఆ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, అందుకే సుమారు 2 ఏళ్లకోసారి మార్చమంటారు. బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 3 పోయాలో 4 పోయాలో హ్యాండిల్ దగ్గరి ఆయిల్ డబ్బా (రిజర్వాయర్) మూత మీదే ఉంటుంది. డాట్ 5 మాత్రం పోయనివ్వకు, అది సిలికాన్‌ది, వీటితో కలవదు. బ్లీడింగ్, అంటే లైన్‌లో గాలి తీసేసే పని, చేసేటప్పుడు పక్కనే నిలబడు, క్యాలిపర్ (డిస్క్‌ని ప్యాడ్లతో పట్టే భాగం) నిపుల్‌కి పెట్టిన గొట్టంలో బుడగలు పూర్తిగా ఆగాలి. అప్పటిదాకా హైవే ఎక్కకు.

జవాబు (చీపురుపల్లి):
ఔను. చైన్‌కి కొట్టే స్ప్రే డిస్క్ మీద పడినా పట్టు పోతుంది, బ్రేక్ క్లీనర్‌తో తుడిపించు. ముందు టైరు అరిగిపోయుంటే ఎంత మంచి బ్రేకైనా దండగే, అదీ చూసుకో.

ప్రశ్న వేసినవారు:
రిజర్వాయర్‌లో చూశానన్నా, ఆయిల్ నల్లగా ఉంది. రేపే మార్పిస్తా.