బెంగళూరు నుంచి ఖండాలా ఘాట్: లావా పొరలు కనిపించే పాత దారి

ప్రశ్న (మారతహళ్ళి నుంచి):
అందరికీ నమస్కారం. సెప్టెంబరులో కారులో పూణే మీదుగా ముంబయి వెళ్తున్నాము. ఎక్స్‌ప్రెస్‌వే మీద దిగిపోకుండా, 1830లో బండ్ల రాకపోకలకు తెరిచిన బోర్ ఘాట్ (ఖండాలా ఘాట్‌కే మరో పేరు) వైపుగా ఖండాలా నుంచి ఖోపోలీకి దిగి, దారిలో దక్కన్ లావా పొరలను చూడాలని ఉంది. వెంట మా అత్తమామలు కూడా ఉంటారు కాబట్టి, ఆ దారి క్షేమమేనా, పొరలు ఎక్కడ స్పష్టంగా కనిపిస్తాయి అన్నది తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
పొరల కోసం ఖండాలా దాకా ఆగనక్కరలేదండీ. మన బెంగళూరు లాల్‌బాగ్ తోటలోని బండ సుమారు 300 కోట్ల ఏళ్ళనాటి నైసు శిల (లోతున వేడికి, ఒత్తిడికి రూపు మారిన రాయి); బెళగావి ప్రాంతానికి చేరేసరికి, దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం నేల చీలికల్లోంచి పొంగి పరుచుకున్న బసాల్టు (లావా గడ్డకట్టిన నల్లరాయి) మొదలవుతుంది. అగ్నిపర్వత శిఖరమేదీ కనిపించదు. విడతలుగా పారిన లావా ఒకదానిపై ఒకటి గడ్డకట్టింది కనుక, సతారా పరిసరాల్లో కొండలు పైన చదునుగా, పక్కలకు మెట్లు మెట్లుగా ఉంటాయి. గట్టి పొర నిటారు గోడగా నిలిస్తే, మెత్తటి పొర అరిగి వాలుగా మారింది. రోడ్డు కోసం తొలిచిన చోట రాతిలో తెల్లటి మచ్చలు కనిపిస్తే, అవి ఒకనాటి గాలి బుడగల్లో పేరుకున్న ఖనిజాలు.

జవాబు 2:
సతారా, పూణేల మధ్య ఉన్న ఖంబాట్కీ ఘాట్‌లో మీరు పూణే వైపు సొరంగంలోంచి పోతారు కాబట్టి, అక్కడి ఘాట్ రోడ్డు తిరుగు ప్రయాణంలోనే దొరుకుతుంది. ఖండాలా దిగువన పాత రోడ్డూ ఎక్స్‌ప్రెస్‌వే కొంత దూరం కలిసే సాగుతాయి. ఖోపోలీ మలుపు దాటిపోకుండా బోర్డులు చూసుకోండి. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేయకుండా రెండో గేరులోనే ఉంచండి, లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఇరుకు చోట ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలి. సెప్టెంబరులో వానలు ఇంకా ఉంటాయి, పొరల సందుల్లో నీరు చేరితే రాళ్ళు జారతాయి. 2015 జూలైలో ఎక్స్‌ప్రెస్‌వే మీది ఆడోషీ సొరంగం దగ్గర పడిన కొండచరియలు అందుకు ఉదాహరణ. ఫొటోల మోజులో కొండ గోడకు ఆనించి కారు ఆపకండి.

జవాబు 3:
ఖండాలా ఘాట్‌లోని పాత అమృతాంజన్ వంతెన కోసం మాత్రం వెతకకండి, దానిని 2020 ఏప్రిల్‌లో కూల్చేశారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం అనే నొప్పి మందు తాలూకు ప్రకటన వల్ల దానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు, మనవాళ్ళకు ఆ మాత్రం మమకారం ఉండడం సహజం. దానికి బదులు, ఘాట్ దిగక ముందే లోణావళా సమీపంలోని కార్లా గుహలకు వెళ్ళండి: అదే బసాల్టును తొలిచిన చైత్యం (బౌద్ధుల ప్రార్థనా మందిరం), సాతవాహనుల శాసనాలు ఒకేచోట చూడవచ్చు. అయితే మెట్లు ఎక్కవలసి ఉంటుంది కనుక, మీ అత్తమామల మోకాళ్ళ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.